పదమూడో బుట్ట



వాన వచ్చింది, రౌండును కుదించక తప్పలేదు అనుకుందాం. 12 బుట్టలకు కుదిస్తే డిస్క్ గోల్ఫ్ రేటింగు పుస్తకంలో ఆ రౌండుకు చోటు లేదు. 13కు కుదిస్తే ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆటగాడు తడిసింది అదే వానలో. చేతిలోంచి జారింది అదే డిస్కు, బూటుకు అంటింది అదే బురద. అయినా పన్నెండుకూ పదమూడుకూ మధ్య ఒక గీత ఉంది. గీతకు అటు ఉంటే ఆ ఆట లెక్కలోకి వస్తుంది, ఇటు ఉంటే రాదు.

ఈ గీత ఎందుకుందో, వాన కుదించిన ఆట ఫలితాన్ని ఎలా మారుస్తుందో, రేటింగును ఎలా మారుస్తుందో, ఆ రెండు మార్పులూ ఎందుకు ఒకేలా ఉండవో ఈ ప్రసంగంలో చూద్దాం.

ముందు ఆట సంగతి. గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. డిస్క్ గోల్ఫ్‌లో బంతి బదులు ప్లాస్టిక్ డిస్కు. చూడడానికి ఫ్రిస్బీలాగే ఉంటుంది కానీ కాస్త చిన్నది, అంచు సన్నది. గుంత బదులు ఇనప స్తంభానికి బిగించిన బుట్ట, దాని మీద వేలాడే గొలుసులు. డిస్కు వెళ్లి గొలుసులకు తగిలి బుట్టలో పడితే ఆ హోల్ అయిపోయినట్టు. ఎన్ని విసుర్లలో పూర్తి చేశారన్నదే స్కోరు. తక్కువ విసిరినవాడు గెలుస్తాడు. మామూలుగా రౌండుకు 18 హోళ్లు. పెద్ద పోటీలు మూడు నాలుగు రోజులు సాగుతాయి, రోజుకో రౌండు.

ఈ ఆటకు రూపం ఇచ్చినవాడు ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలు తయారుచేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసిన మనిషి. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు ఆయన చేతి మీదుగానే వెలసింది. గొలుసుల బుట్ట కూడా ఆయన కనిపెట్టిందే. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించి, సభ్యత్వ సంఖ్య ఒకటి తనే తీసుకున్నాడు. 2002లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఇంత ప్రేమతో పుట్టిన ఆటకు ఆకాశంతో మాత్రం మొదటి నుంచీ పేచీయే.

పేచీ ఎక్కడంటే, డిస్కు రెక్క లాంటిది. చాలా డిస్కులు 150 నుంచి 175 గ్రాముల మధ్య తూగుతాయి. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదని నియమం. ఇంత తేలికైన వస్తువు గాలి మీద ఆధారపడి ఎగురుతుంది కాబట్టి గాలి మాట వింటుంది. కుడిచేతివాటం ఆటగాడు మామూలుగా విసిరే బ్యాక్‌హ్యాండ్ విసురు చివర్లో ఎడమకు వాలుతుంది. ఎదురుగాలి బలంగా ఉంటే అదే డిస్కు కుడివైపుకు తిరగబడి చెట్లలోకి పోతుంది. గాలి వెనక నుంచి తోస్తే తేలే శక్తి తగ్గి, అనుకున్నదానికంటే ముందే ఎడమకు వాలి నేల పడుతుంది. ఇక వాన సంగతి చెప్పక్కర్లేదు. తడి డిస్కు వేళ్లలో నిలవదు. తుడుచుకుని విసరాలి, కానీ విసరడానికి ఉన్న గడువు 30 సెకన్లు. గడువు దాటితే మొదట హెచ్చరిక, మళ్లీ దాటితే ఒక విసురు శిక్ష. అందుకే వాన రోజున అనుభవజ్ఞుల సంచిలో డిస్కుల కంటే తువ్వాళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

అయితే వానకూ గాలికీ ఆట ఆగదు. దారిలో నీళ్లు నిలిస్తే ఆటగాడు శిక్ష లేకుండా వెనక్కి జరిగి విసరవచ్చు. ఆట ఆగేది పిడుగులకు. బయలు మైదానం, పొడుగాటి చెట్లు, హోలుకొక ఇనప స్తంభం ఉన్న చోట ఉరుము వినిపిస్తే పోటీ నడిపే డైరెక్టరు హారన్ మోగిస్తాడు. ఎవరి డిస్కు ఎక్కడుంటే అక్కడ గుర్తు పెట్టి అందరూ నీడకు పరుగెడతారు. మెరుపుల విషయంలో అమెరికాలో అందరూ పాటించే లెక్క ఒకటుంది. ఆఖరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకో ఉరుము ఉరిమితే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మొదలైన మబ్బు ఇలా నాలుగుసార్లు గడియారాన్ని వెనక్కి తిప్పితే, వాన వెలిశాక రౌండు పూర్తిచేయడానికి చాలినంత వెలుతురు మిగలకపోవచ్చు. అంటే రౌండును మింగేది ఒక్క వానే కాదు, వానా చీకటీ కలిసి.

అందుకే ఊరిని బట్టి నష్టం మారుతుంది. 2025లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫిన్లాండ్‌లో టంపెరే, నోకియా ప్రాంతంలో జరిగింది. ఆగస్టు మొదట్లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా ఆకాశంలో వెలుగు ఉంటుంది. రెండు గంటలు ఆట ఆగినా పూర్తి చేసుకోవడానికి చోటుంది. అదే అమెరికా జాతీయ పోటీ యూఎస్‌డీజీసీ, దక్షిణ కరొలైనాలోని రాక్ హిల్‌లో, విన్‌త్రాప్ యూనివర్సిటీ మైదానంలో, సాధారణంగా అక్టోబరు మొదట్లో జరుగుతుంది. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. తుఫానుల కాలం ముగియలేదు, పొద్దు మాత్రం కుదించుకుపోయింది. ఈ రెండు ఊళ్లలో ఒకే వాన ఒకే గంటసేపు కురిసినా ఒకచోట రౌండు బతుకుతుంది, ఇంకోచోట పోతుంది.

పోయిన రౌండును ఏం చేయాలి? క్రికెట్ చూసే తెలుగువాళ్లకు ఈ ప్రశ్న బాగా తెలిసిందే. 1992 ప్రపంచ కప్ సెమీఫైనల్లో 13 బంతుల్లో 22 పరుగులు కావాల్సిన దక్షిణాఫ్రికా ముందు వాన వెలిశాక ఒక్క బంతే మిగిలింది. ఆ అవమానం నుంచే డక్‌వర్త్-లూయిస్ లెక్క పుట్టింది. 2023 ఐపీఎల్ ఫైనల్లో అహ్మదాబాద్‌లో వాన పడితే అదే లెక్క చెన్నై లక్ష్యాన్ని 15 ఓవర్లలో 171గా మార్చింది. మన గుంటూరు అంబటి రాయుడు తన ఆఖరి ఐపీఎల్ మ్యాచ్‌లో 8 బంతుల్లో 19 కొట్టి వెళ్లింది ఆ కుదించిన ఛేదనలోనే. క్రికెట్ వానను కొలిచి, దానికి ఒక ధర కట్టి, ఆటను ముందుకు నడుపుతుంది. టీ20లో చెరి ఐదు ఓవర్లు పడితే చాలు ఫలితం తేలుతుంది.

డిస్క్ గోల్ఫ్‌లో అలాంటి లెక్క లేదు. పూర్తికాని రౌండును మళ్లీ కొనసాగించే వీలు లేకపోతే దాన్ని పక్కన పెట్టి, అంతకు ముందు పూర్తయిన రౌండ్ల మీదే ఫలితం చెప్పేస్తారు. వినడానికి మొరటుగా ఉంది. కానీ ఆట మొదలయ్యే తీరు చూస్తే, వేరే దారి ఎంత కష్టమో అర్థమవుతుంది.

చాలా పోటీలు షాట్‌గన్ పద్ధతిలో మొదలవుతాయి. 18 హోళ్లకూ 18 జట్లు వెళ్లి నిలబడతాయి. ఆ జట్టును ఆటవాళ్లు కార్డు అంటారు. ఒక్క సంకేతంతో అందరూ ఒకేసారి విసరడం మొదలుపెడతారు. ఒకటో హోలులో మొదలైన కార్డు ఒకటి, రెండు, మూడు అంటూ పోతుంది. పదో హోలులో మొదలైన కార్డు పది, పదకొండు, పన్నెండు అంటూ పోతుంది. ఆరు హోళ్లయ్యాక పిడుగు పడిందనుకోండి. మొదటి కార్డు ఆడింది ఒకటి నుంచి ఆరు దాకా. పదో హోలు కార్డు ఆడింది పది నుంచి పదిహేను దాకా. ఇద్దరికీ కలిసిన హోలు ఒక్కటి కూడా లేదు. ఒకరు చెట్ల మధ్య ఇరుకు దారుల్లో ఆడారు, ఇంకొకరు చెరువు పక్కన. ఆ స్కోర్లను ఎలా పోలుస్తారు?

ఇంకో అడుగు ముందుకు వేద్దాం. అందరూ 17 హోళ్లు ఆడేశారు, ఇంక ఒక్కటే మిగిలింది, అప్పుడు హారన్ మోగింది. ఇప్పుడైనా అందరూ ఆడిన హోళ్లనే లెక్కించవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఒక్కో కార్డుకు మిగిలిన హోలు వేరు. ఒకటో హోలులో మొదలైనవారికి పద్దెనిమిదో హోలు మిగిలింది, రెండులో మొదలైనవారికి ఒకటో హోలు, మూడులో మొదలైనవారికి రెండోది. అలా 18 కార్డులకూ 18 వేర్వేరు హోళ్లు మిగిలాయి. మైదానం మొత్తం వెతికినా ప్రతి ఒక్కరూ ఆడిన బుట్ట ఒక్కటి కూడా దొరకదు. పద్దెనిమిదిలో పదిహేడు వంతుల ఆట అయ్యాక కూడా ఉమ్మడి సొమ్ము సున్నా.

ఆలస్యంగా వచ్చిన ఆటగాడు ఒక హోలు పోగొట్టుకుంటే నియమాలు తడుముకోవు. ఆ హోలుకు పార్ మీద, అంటే మంచి ఆటగాడికి ఆ హోలులో పట్టాల్సిన విసుర్ల మీద, నాలుగు కలిపి స్కోరు వేస్తారు. తప్పు అతనిది కాబట్టి. వాన తప్పు ఎవరి మీద వేయాలి? అందుకే అందరిదీ కలిపి చెరిపేయడమే న్యాయమని ఆట పెద్దలు అనుకున్నారు. చెరిపేసినప్పుడు గుండె పగిలేది 14 హోళ్లలో పార్ కంటే 8 తగ్గించి ఆడుతున్నవాడికి. ఊపిరి పీల్చుకునేది రెండు డిస్కులు నీళ్లలో పారేసుకున్నవాడు.

పెద్ద పోటీల్లో ఇంకో పద్ధతి ఉంది. అందరూ ఒకటో హోలు నుంచే, వంతులవారీగా వెళతారు. పది నిమిషాలకొక కార్డు చొప్పున 24 కార్డులు బయల్దేరాయనుకుంటే, మొదటి కార్డుకూ చివరి కార్డుకూ మధ్య దాదాపు నాలుగు గంటల తేడా. ఆఖరి రౌండులో అందరికంటే ముందున్నవాళ్లు అందరికంటే చివర బయల్దేరతారు. వేసవి పిడుగుల వానలు ఎక్కువగా సాయంత్రమే వస్తాయి. అంటే ఆటలో ముందున్నవాడే వానకు ఎదురెళ్లాలి.

దీనికి జనం మరచిపోలేని ఉదాహరణ బంతి గోల్ఫ్‌లో ఉంది. 2002లో స్కాట్లండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ చాంపియన్‌షిప్. టైగర్ వుడ్స్ ఆ ఏడాది మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచి వచ్చాడు. మూడో రోజు శనివారం. పొద్దున్నే బయల్దేరినవాళ్లు మామూలు వాతావరణంలో ఆడుకున్నారు. వుడ్స్ మైదానంలో ఉండగా చలిగాలీ వానా కలిసి విరుచుకుపడ్డాయి. అతని స్కోరు 81. ఒకే ఏడాది పెద్ద టైటిళ్లన్నీ గెలిచే గ్రాండ్ స్లామ్ ఆశ అక్కడే ఆరిపోయింది. టైటిల్ ఎర్నీ ఎల్స్ పట్టుకుపోయాడు. ఆ రోజు ఆట ఆపలేదు కాబట్టి ఆ 81 చరిత్రలో 81గానే మిగిలిపోయింది.

ఆపితే? 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో వైండమ్ క్లార్క్ మూడో రౌండులో 60 కొట్టి కోర్సు రికార్డు రాశాడు. మరునాడు ఆఖరి రౌండు. పసిఫిక్ నుంచి తుఫాను వచ్చి తీరాన్ని ఊపేసింది. నాలుగో రౌండు రద్దయింది, క్లార్క్ విజేత అయ్యాడు. అతనికంటే ఒక్క స్ట్రోకు వెనక ఉన్న లుడ్విగ్ ఓబర్గ్‌కు ఆ ఒక్కటీ దిద్దుకునే 18 హోళ్లు దక్కలేదు.

ఒక రౌండు పోతే అన్యాయం ఎంత? కాగితం మీద చూద్దాం. ఒక ఆటగాడు ఇంకొకడికంటే రౌండుకు సగటున ఒక విసురు మెరుగు అనుకుందాం. కానీ రోజురోజుకూ ఒక్కొక్కరి ఆట మూడు విసుర్లు అటూ ఇటూ ఊగుతుంది అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్నది మాత్రమే. నాలుగు రౌండ్లు ఆడితే మెరుగైనవాడు పైన నిలిచే అవకాశం 100కు 68 దాకా వస్తుంది. మూడు రౌండ్లయితే 66, రెండయితే 63, ఒక్కటే అయితే 59. నాలుగు నుంచి మూడుకు పడితే పోయింది రెండే. చాలామంది అనుకునేదానికంటే ఇది తక్కువ.

కానీ బరిలో ఇద్దరే ఉండరు. వంద మంది ఉంటారు. మెరుగైన ఒక్కడికి ఎదురుగా, కాస్త తక్కువ నైపుణ్యం ఉన్న తొంభైతొమ్మిది మంది నిలబడి ఉంటారు. వాళ్లలో ఎవరో ఒకరికి ఆ రోజు చెయ్యి బాగా కుదురుతుంది. రౌండ్లు తగ్గేకొద్దీ ఆ 'ఎవరో ఒకరి'కి బలం పెరుగుతుంది. రెండు రౌండ్లకు కుదించిన పోటీలో కొత్త పేరు పట్టికలో పైకి రావడం అందుకే. గెలిచినవాడి ప్రతిభను తక్కువ చేయాల్సిన పనిలేదు, అతను నిజంగానే ఆ రెండు రోజులూ అందరికంటే బాగా ఆడాడు. మిగిలిన రెండు రోజులు కూడా అలాగే ఆడేవాడా అన్న పరీక్ష జరగలేదు, అంతే.

ఇది ఫలితం ఖాతా. రేటింగు ఖాతా వేరే గదిలో, వేరే గుమాస్తా రాసే పుస్తకం.

చదరంగంలో వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2801 రేటింగుకు చేరాడంటే ఆ అంకె ఎదుటివాళ్లను ఓడించి తెచ్చుకున్నది. డిస్క్ గోల్ఫ్‌లో ఎదుటివాడు బుట్ట. బుట్టకు రేటింగు లేదు. పైగా ఒక కోర్సు మైదానం, ఇంకోటి అడవి, ఒకచోట 50 విసుర్లు మంచి స్కోరు, ఇంకోచోట 62 మంచి స్కోరు. మరి ఏ కొలబద్దతో కొలవాలి? అసోసియేషన్ దొరకబుచ్చుకున్న ఉపాయం ఏమిటంటే, కోర్సును ఆటగాళ్లతోనే కొలిపించడం.

ఇప్పటికే స్థిరమైన రేటింగు ఉన్నవాళ్లు, అంటే కనీసం 8 రౌండ్ల ఆధారంతో 799కి పైన రేటింగు ఉన్నవాళ్లు, ఆ రౌండులో ఎలా ఆడారో చూస్తారు. వీళ్లకు ప్రాపగేటర్లు అని పేరు. వాళ్ల రేటింగులూ వాళ్ల స్కోర్లూ పక్కపక్కన పెట్టి, 1000 రేటింగు ఉన్న ఆటగాడు ఆ రోజు ఆ కోర్సులో ఎన్ని విసుర్లు తీసుకుని ఉండేవాడో లెక్కగడతారు. దాన్ని స్క్రాచ్ స్కోరింగ్ యావరేజ్ అంటారు. అది 50 దగ్గర ఉంటే ఒక్కో విసురు విలువ దాదాపు 10 పాయింట్లు. ఆ లెక్కన 50 విసిరినవాడి రౌండు 1000, 53 విసిరినవాడిది 970.

ఈ ఉపాయంలో అందం వాన రోజున బయటపడుతుంది. గాలి అందరి మీదా వీచి అందరి స్కోరూ ఐదేసి పెరిగితే, ప్రాపగేటర్ల స్కోర్లూ ఐదు పెరుగుతాయి, వాళ్లతోపాటు కొలబద్ద కూడా ఐదు జరుగుతుంది. నిన్న ఎండలో 53 విసిరి తెచ్చుకున్న రేటింగుకు దగ్గరగానే నేడు హోరుగాలిలో 58 విసిరి తెచ్చుకోవచ్చు. వాతావరణ శాఖను ఎవరూ అడగనక్కర్లేదు, గాలి వేగం ఎవరూ రాసుకోనక్కర్లేదు. అమెరికాలో గాలికి పేరుమోసిన కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా పట్టణం డిస్క్ గోల్ఫ్‌కు పెద్ద కేంద్రం. 2022లో పాల్ మెక్‌బెత్ తన ఆరో ప్రపంచ టైటిల్ గెలిచింది అక్కడే. అలాంటి ఊళ్లో ఆడే రౌండ్లకు ఈ పద్ధతే లేకపోతే రేటింగు పుస్తకం ఆటగాడి చెయ్యిని కాక గాలిని కొలిచేది.

అందరి మీదా సమానంగా పడే వానను రేటింగు ఇలా మింగేస్తుంది. దానికి గొంతులో అడ్డం పడేది కొందరి మీదే పడే వాన. పొద్దున బయల్దేరిన పన్నెండు కార్డులు ఎండలో, సాయంత్రం బయల్దేరిన పన్నెండు కార్డులు వానలో ఆడితే, ఇద్దరి స్కోర్లూ ఒకే రౌండు కింద ఒకే కొలబద్ద మీద పడతాయి. కొలబద్ద రెండింటికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. ఎండలో ఆడినవాళ్లకు రావాల్సినదానికంటే ఎక్కువ, తడిసినవాళ్లకు తక్కువ. మ్యూర్‌ఫీల్డ్‌లో వుడ్స్‌కు జరిగిందే, అంకెల్లో.

వాన రోజున ఇంకో సంగతి జరుగుతుంది, ఇది అంత తేలిగ్గా కనిపించదు. చలికి వణుకుతూ, స్కోరు చెడిపోయిన ఆటగాళ్లు మధ్యలో వదిలేసి కారెక్కుతారు. పూర్తిచేయని రౌండుకు రేటింగు లేదు కాబట్టి వాళ్ల చెడ్డ స్కోర్లు లెక్కలోంచి మాయమవుతాయి. మిగిలిన ప్రాపగేటర్లు వానలోనూ నిలదొక్కుకున్నవాళ్లు. వాళ్ల స్కోర్లే చూస్తే ఆ రోజు కోర్సు అంత కఠినంగా లేనట్టు కనిపిస్తుంది. దాంతో ఉన్నవాళ్లందరి రేటింగూ కాస్త కిందికి జారుతుంది. వెళ్లిపోయినవాడి చలి ఖర్చు నిలబడ్డవాడి ఖాతాలో పడుతుందన్నమాట. చిన్న ఊళ్ల ఆదివారం పోటీల్లో అయితే ఇంకా మొదటికే మోసం. ఐదుగురు ప్రాపగేటర్లు కూడా మిగలకపోతే ఆ రౌండుకు అసలు రేటింగే రాదు.

ఇప్పుడు పదమూడో బుట్ట దగ్గరికి తిరిగి వద్దాం. తుఫాను రాబోతోందని ముందే తెలిసిన డైరెక్టరు, లేదా కోర్సులో కొన్ని హోళ్లు నీట మునిగిన డైరెక్టరు, రౌండు మొదలుకాక ముందే హోళ్లు తగ్గించి అందరికీ ఒకటే కోర్సు ఖరారు చేయవచ్చు. 2013లో బంతి గోల్ఫ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. బహమాస్‌లో మహిళల ఎల్‌పీజీఏ పోటీ. సుమారు 12 అంగుళాల వాన కురిసి కోర్సులో చాలా భాగం చెరువైంది. ఆడదగ్గ హోళ్లు 12 మిగిలితే, నిర్వాహకులు 12 హోళ్ల రౌండ్లు మూడు పెట్టి 36 హోళ్లు పూర్తిచేయించారు. దక్షిణ కొరియా క్రీడాకారిణి ఇల్హీ లీ గెలిచింది. అది ఆమెకు మొదటి ఎల్‌పీజీఏ టైటిల్. ఫలితం ఖాతాలో ఆ గెలుపుకు ఏ మచ్చా లేదు.

అదే పోటీ డిస్క్ గోల్ఫ్‌లో జరిగి ఉంటే విజేతకు కప్పు వచ్చేది, ప్రైజుమనీ వచ్చేది, మూడు రౌండ్లలో ఒక్కదానికీ రేటింగు వచ్చేది కాదు. 12 హోళ్లు గీతకు ఇవతల.

గీత ఎందుకంటే, హోళ్లు తగ్గేకొద్దీ ఒక్కో విసురు బరువు పెరుగుతుంది. 18 హోళ్ల కోర్సుకు స్క్రాచ్ స్కోరు 54 అనుకుంటే, అందులో 13 హోళ్లకు సుమారు 39. స్క్రాచ్ స్కోరు చిన్నదయ్యేకొద్దీ విసురుకు పడే పాయింట్లు ఎక్కువవుతాయి. పెద్ద రౌండులో 9 పాయింట్లో 10 పాయింట్లో పోగొట్టే ఒక్క జారుడు విసురు, చిన్న రౌండులో పన్నెండు దాటి పోగొడుతుంది. ఆరు హోళ్ల రౌండుకు కూడా రేటింగు ఇస్తే ఒక్క డిస్కు కొమ్మకు తగలడం ఆటగాడి నెల తలరాతను మార్చేస్తుంది. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, పదమూడు దగ్గర గీశారు.

ఆ రౌండు రేటింగు ఆటగాడి మొత్తం రేటింగులో ఎలా కలుస్తుందో చూస్తే చిత్రం ఇంకా ముదురుతుంది. గత 12 నెలల రౌండ్ల సగటే రేటింగు. అందులో ఇటీవలి నాలుగో వంతు రౌండ్లకు రెట్టింపు బరువు. ఒక ఔత్సాహికుడి ఖాతాలో 20 రౌండ్లు ఉన్నాయనుకుందాం, సగటు 937. ఆఖరి ఐదింటికి రెట్టింపు కాబట్టి మొత్తం 25 వంతులు. అతని ఆఖరి రౌండు వానలో పడి సగటుకు 60 తక్కువగా, 877 వచ్చింది. రెట్టింపు బరువుతో 120 పాయింట్లు 25 వంతుల మీద పడితే రేటింగు దాదాపు 5 తగ్గుతుంది. 937 కాస్తా 932 అవుతుంది. అదే వానలో ఆ రౌండు రద్దయి ఉంటే తగ్గేది సున్నా.

మరీ ఘోరంగా ఆడి ఉంటే? అసోసియేషన్ పద్ధతిలో ఒక దయ ఉంది. తన సగటుకు 100 పాయింట్లకు మించి, లేదా తన మామూలు ఊగిసలాటకు రెండున్నర రెట్లు మించి దిగజారిన రౌండును అసాధారణంగా పరిగణించి తీసేస్తారు. మన ఔత్సాహికుడు ఆ రోజు 820 ఆడి ఉంటే ఆ రౌండు ఖాతాలోనే నిలవదు, రేటింగు 937 దగ్గరే ఉంటుంది. వానలో ఓ మోస్తరుగా తడిసినవాడికి ఐదు పాయింట్ల నష్టం, పూర్తిగా మునిగిపోయినవాడికి ఏమీ లేదు. స్కోరు పట్టికలో మాత్రం ఆ మునిగినవాడి విసుర్లు ఒక్కటి కూడా తగ్గవు. రెండు ఖాతాలూ ఒకే వానను ఎంత వేరుగా రాసుకుంటాయో ఇక్కడ తెలుస్తుంది.

ఐదు పాయింట్లంటే ఎంతలే అనుకోవచ్చు. ఔత్సాహికుల్లో ఎవరు ఏ విభాగంలో ఆడాలో నిర్ణయించేది రేటింగే. ఇంటర్మీడియట్ విభాగానికి హద్దు 935, దాని కింది రిక్రియేషనల్‌కు 900, నోవిస్‌కు 850. ఆ అంకెకు లోపల ఉన్నవాళ్లే అందులో ఆడాలి. 937 ఉన్నవాడు పైవిభాగంలో తనకంటే గట్టివాళ్లతో తలపడి ఎక్కడో మధ్యలో మిగులుతాడు. 932 ఉన్నవాడు ఇంటర్మీడియట్‌లోకి దిగి కప్పు కొట్టే అవకాశం ఉన్నవాడు. కావాలని రేటింగు తక్కువగా ఉంచుకుని కింది విభాగంలో గెలిచేవాళ్లను ఆటవాళ్లు శాండ్‌బ్యాగర్లు అని ఎగతాళి చేస్తారు. ఇతను ఏమీ కావాలని చేయలేదు. అతని పని వాన చేసి పెట్టింది.

అందువల్ల హారన్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ డైరెక్టరు కొన్నిసార్లు తనకు తెలియకుండానే మూడు నిర్ణయాలు ఒకేసారి తీసుకుంటాడు. ఇప్పుడు ఆపితే ప్రాణాలకు భద్రత, అది మొదటిది, దాని విషయంలో బేరం లేదు. రెండోది, ఈ రౌండు పోతే కప్పు ఎవరిది. మూడోది, ఎవరి రేటింగు ఎటు పోతుంది. మొదటిదానికి నియమాలు స్పష్టంగా ఉన్నాయి. రెండోదానికి షాట్‌గన్ ఆటలో నియమాలు ఇచ్చే సమాధానం ఒక్కటే, చెరిపేయడం. మూడోది ఆ సమయంలో ఎవరి మనసులోనూ ఉండదు.

నిజానికి కార్డుల మీద ఒక్కో హోలు స్కోరూ విడివిడిగా ఉంటుంది. ఫోన్లలో అప్పటికప్పుడు ఎక్కిస్తున్నారు కూడా. ఒక్కో హోలుకు ఆ రోజు సగటు తీసి, ప్రతి ఆటగాడు తను ఆడిన హోళ్లలో ఆ సగటుకు ఎంత పైనో కిందో చూసి, ఆగిపోయిన రౌండుకూ ఒక ధర కట్టడం లెక్కకు అసాధ్యమేమీ కాదు. డక్‌వర్త్, లూయిస్ చేసింది ఆ తరహా పనే. కానీ గోల్ఫ్ కుటుంబపు ఆటలకు ఒక పాత పట్టింపు ఉంది. శిక్షగా తప్ప, బుట్టలో పడని డిస్కుకు స్కోరు రాయరు. ఆడని హోలును సగటుతో పూడ్చడం వాళ్లకు ఆ పట్టింపును దాటడంలా అనిపిస్తుంది. లక్ష్యాన్ని మార్చినా క్రికెట్లో చాలాసార్లు ఆఖరి బంతిని ఎవరో ఒకరు నిజంగా ఆడి గెలుస్తారు. ఇక్కడ గణితమే గెలిపించాలి.

రేటింగులు నెలకోసారి, రెండో మంగళవారం మారతాయి. మన ఔత్సాహికుడు ఆ రోజు ఫోన్ తెరిచి 932 చూస్తాడు. రెండు వారాల కింద తడిసిన బూట్లు వరండాలో ఇంకా పూర్తిగా ఆరలేదు. వచ్చే నెల పక్క ఊళ్లో జరిగే పోటీకి పేర్లు తీసుకుంటున్నారు. విభాగం ఎంచుకోమని తెర అడుగుతోంది. ఇప్పటిదాకా అతనికి మూసి ఉన్న ఇంటర్మీడియట్ గడి ఈసారి తెరుచుకుని ఉంది.